చిన్న ఆయిలు ఇంజనుతో ఎక్కువ నీరు తోడుట ఎట్లు?

వేరుశెనగ ఊడలు దిగు వేళ వాన మొగము చాటువేసినచో మెట్ట రైతుకు ప్రతి పూటయు విలువైనదే. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములలో ఏడాదికి కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఆ కొంచెమైనను అదనుకు రాదు. జూను, జూలై నెలలలో విత్తిన చేలు ఆగస్టులో రెండు మూడు వారములు బెట్టకు గురియగుట ఇచ్చటి వారికి క్రొత్త కాదు. ఎర్ర గరప నేల పైపొర ఆరి గట్టిపడినచో ఊడలు లోనికి దిగలేక పైననే వాడిపోవును. దిగిన ఊడలకు తేమ లేకున్న కాయ ఊరదు. అట్టి సమయమున ఒక్క తడి అందిన చేనికిని, అందని చేనికిని ఎంత భేదముండునో మన రైతులకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ ఒక్క తడికే చాలమంది చేలలో నీటి కుంటలు త్రవ్వుకొనినారు. కుంటలో నీరు నిలిచినది. గట్టు మీద అయిదు అశ్వశక్తుల ఆయిలు ఇంజను, పంపు ఉన్నవి. చేనిలో స్ప్రింక్లరు గొట్టములు పరచినారు. అయినను సాయంకాలమునకు చూచిన, తడిసిన నేల తక్కువ, కాలిన డీజిలు ఎక్కువ. అప్పుడు రైతు, "ఇంజను పాతబడినది, ఇంకను పెద్దది కావలెను" అనుకొనును. చాల సందర్భములలో ఇది పొరపాటు. లోపము ఇంజనులో కంటె, దానికి తగిలించిన గొట్టములలోను, ఫుట్‌వాల్వులోను, బెల్టులోను ఉండుట తరచు. వానిని సరిచేసినచో ఉన్న ఇంజనే ఎక్కువ నీరు తోడగలదు. ఈ పాఠమున చెప్పదలచినది ఇదియే.

బోరుబావులు కరెంటుతో నడుచుచుండగా ఆయిలు ఇంజను మాట ఏల అని కొందరు అడుగవచ్చును. కుంటలు ఎక్కువగా ఉన్నది కరెంటు తీగ చేరని మెట్ట చేలలో. అచ్చటికి బండి మీద తీసికొనిపోయి, పని కాగానే మరియొక చేనికి మార్చుకొనుటకు వీలైనది చిన్న ఆయిలు ఇంజనే.

సముద్రతీరమున చేపల పడవకు బిగించు చిన్న ఇంజనును, మన కుంట గట్టున నిలుపు ఇంజనును అన్నదమ్ముల వంటివి. అచ్చట ఇంజను నీటిలోని పంకాను త్రిప్పును. ఇచ్చట పంపులోని రెక్కల చక్రమును త్రిప్పును. పంకా ఇంజనుకు తగినది కానిచో పడవ సాగదు. నల్లపొగ మాత్రము వచ్చును. పంపు, గొట్టములు తగినవి కానిచో మన చేనిలోనూ అంతే. అచ్చట పంకాకు వల చిక్కుకొన్నట్లు, ఇచ్చట ఫుట్‌వాల్వుకు నాచు చిక్కుకొనును. ఇంజను బలము ఎంత అనునది ఒక ప్రశ్న. ఆ బలములో ఎంత పనిగా మారుచున్నది అనునది వేరొక ప్రశ్న. రైతు రెండవ ప్రశ్నను ముందు అడుగవలెను.

మొదట కొలిచి చూడుడు

కొలువనిదే లోపము తెలియదు. ఇందుకు పది లీటర్ల బకెట్టు, అడుగు పొడవు రబ్బరు గొట్టము, సెకనులు చూపు గడియారము చాలును. స్ప్రింక్లర్లు నడుచుచుండగా ఒక నాజిలుకు రబ్బరు గొట్టము తొడిగి నీటిని బకెట్టులోనికి మళ్లింపుడు. ఎన్ని సెకనులలో నిండునో చూడుడు. ఇరువది సెకనులలో నిండినచో ఆ నాజిలు సెకనుకు అరలీటరు ఇచ్చుచున్నది. పది నాజిళ్లున్నచో మొత్తము సెకనుకు అయిదు లీటర్లు. ముప్పదిమూడు సెకనులు పట్టినచో మూడు లీటర్లే వచ్చుచున్నవని అర్థము. పంపుకు దగ్గరగా ఉన్న నాజిలును, చివరి నాజిలును రెండింటిని కొలిచి సగటు తీసికొనవలెను. కాలువలోనికి నేరుగా పారించువారు 200 లీటర్ల డ్రమ్ము పెట్టి కొలువవచ్చును. డ్రమ్ము 40 సెకనులలో నిండినచో సెకనుకు అయిదు లీటర్లు.

ఈ రెండు లీటర్ల భేదము చిన్నదిగా కనబడును. లెక్క వేసి చూడుడు. ఒక కుంటలో రెండు లక్షల లీటర్ల నీరున్నదనుకొందము. ఒక యెకరమున ఒక సెంటీమీటరు ఎత్తు నీరు నిలుపుటకు సుమారు నలుబది వేల లీటర్లు కావలెను. కావున ఈ నీరు రెండున్నర యెకరములకు రెండు సెంటీమీటర్ల తడికి సరిపోవును. సెకనుకు అయిదు లీటర్ల చొప్పున తోడిన పదకొండు గంటలలో పని ముగియును. మూడు లీటర్ల చొప్పుననైనచో పదునెనిమిదిన్నర గంటలు పట్టును. గంటకు సుమారు లీటరు డీజిలు కాలినను ఏడు లీటర్లకు పైగా వృథా.

డీజిలు కన్న కాలము నష్టము ఎక్కువ. నలుగురు రైతులు ఒకే ఇంజనును వంతులవారీగా వాడుకొనుచున్నారనుకొనుడు. ఒక్కొక్క చేనికి ఒక దినము చొప్పున అయినచో నాలుగవ రైతు నాలుగవ దినమున తడి పెట్టుకొనును. రెండేసి దినములు పట్టినచో ఆయన వంతు ఏడవ దినమునకు గాని రాదు. మఖ కార్తెలో బెట్ట పట్టిన చేను ఆ మూడు దినములు ఓర్చుకొనునో లేదో చెప్పలేము. మొదటి రైతు ఫుట్‌వాల్వులోని నాచు చివరి రైతు పంటను చెరచునన్నమాట.

నీరు పీల్చు గొట్టము

పంపు నీటిని లాగుచున్నదని మనము అందుము. నిజమునకు పంపు తన లోపల గాలిని తగ్గించును. బయటి గాలి కుంటలోని నీటిని అదిమి గొట్టములోనికి ఎక్కించును. గాలి అదుమునంత మేరకే నీరు ఎక్కును. సముద్రమట్టమున ఇది లెక్కకు సుమారు 10.3 మీటర్లు. ఎత్తు పెరిగినకొలది గాలి పలుచనగును. ధర్మవరము సముద్రమట్టమునకు సుమారు 350 మీటర్ల ఎత్తున ఉన్నది. పెనుకొండ దాటి హిందూపురము చేరునప్పటికి ఎత్తు సుమారు 620 మీటర్లగును. అచ్చట గాలి ఎత్తగలది లెక్కకు సుమారు 9.6 మీటర్లే. గొట్టములోని రాపిడి, పంపులోని నష్టములు పోగా, పనికి వచ్చునది ఆరు మీటర్లకు మించదు. నాలుగైదు మీటర్లలో ఉంచిన పంపు సుఖముగ పనిచేయును. ఈ ఎత్తును నీటి మట్టమునుండి పంపు నడుము వరకు కొలువవలెను. తోడినకొలది నీరు దిగును గనుక పని ముగియునప్పటి మట్టమును కూడ లెక్కలోనికి తీసికొనవలెను.

కావున పంపును నీటికి ఎంత దగ్గరగా నిలుపగలిగిన అంత మంచిది. గట్టు మీద చెట్టు నీడ ఉన్నదని ఇంజనును ఎగువన పెట్టుట తగదు. గట్టు లోపలి వైపు చదును చేసి, దిమ్మ వేసి, క్రిందుగ నిలుపుడు. పీల్చు గొట్టము పొట్టిగాను, వంపులు తక్కువగాను ఉండవలెను. పంపు నోటి కన్న ఒక సైజు పెద్ద గొట్టము వాడుట మేలు.

ఈ గొట్టము నీటినుండి పంపు వరకు ఎడతెగక ఎగువకే వాలియుండవలెను. నడుమ ఎచ్చటనైనను గూని వలె లేచి మరల దిగినచో ఆ గూనిలో గాలి చేరి నీటికి అడ్డుపడును. రాళ్ల మీదుగా గొట్టమును ఈడ్చి వేయునప్పుడు ఈ తప్పు జరుగుచుండును. గొట్టము వెంట ఒక దారము లాగి చూచినచో గూని కనబడును.

గాలి చొరబడుట మరియొక పెద్ద లోపము. పీల్చు గొట్టమున సూది మొన అంత రంధ్రమున్నను నీరు బయటికి కారదు. గాలి లోనికి పోవును. కనుక కంటికి కనబడదు. బయటికి వచ్చు నీరు పాలవలె తెల్లగా, బుడగలతో, ఆగి ఆగి వచ్చుచున్నచో గాలి చొచ్చుచున్నదని గ్రహింపుడు. పంపు నడుచుచుండగా ప్రతి జోడింపుకు సబ్బు నురుగు పూయుడు. నురుగు లోనికి పీల్చుకొనిపోయిన చోటే రంధ్రము. వాచరు మార్చి, మరల గట్టిగా బిగింపుడు. గోనెపట్ట, బంకమట్టి చుట్టుట ఒక పూటకు పనికివచ్చునేమో గాని అది మరమ్మతు కాదు.

ఫుట్‌వాల్వు

ఫుట్‌వాల్వు చౌకయని, సందులు చిన్నవైన రకమును కొనుట నష్టము. జల్లెడలోని రంధ్రముల మొత్తము వైశాల్యము గొట్టపు నోటికి కనీసము రెండు మూడు రెట్లు ఉండవలెను. లోపలి మూత సులభముగ పూర్తిగ తెరచుకొనవలెను. ఆపినప్పుడు నీరు కారక మూసికొనవలెను. ఇంజను ఆపిన పిదప పంపులోని నీరు కొద్ది నిమిషములలోనే దిగిపోయినచో మూత కింద ఇసుక రేణువు చిక్కినదనియో, తోలు అరిగినదనియో తెలిసికొనుడు.

మన కుంటలలో ఒండ్రు ఎక్కువ. ఫుట్‌వాల్వును అడుగున పడవేసినచో బురదనీరు పీల్చి పంపు చక్రమును అరగదీయును. మరీ పైన ఉంచిన సుడి ఏర్పడి గాలి పీల్చును. మెత్తని గొట్టము వాడువారికి ఒక సులభోపాయము గలదు. మూత గట్టిగా బిగించిన ఖాళీ ప్లాస్టిక్కు డబ్బాకు రెండడుగుల త్రాడుతో ఫుట్‌వాల్వును వ్రేలాడగట్టి నీటిలో వదలుడు. నీరు దిగినకొలది డబ్బాతో పాటు అదియు దిగును. ఎప్పుడును తేట నీటిలోనే ఉండును. నీరు అడుగంటుచున్నప్పుడు మాత్రము దగ్గర నిలిచి చూచుకొని, బురద తగులకముందే ఆపివేయవలెను. చెరువులనుండి తోడువారు జల్లెడకు చుట్టును వెదురు బుట్ట కట్టినచో నాచు, తుంగ అంటుకొనవు.

నీరు పంపు గొట్టము

మన రైతులు ఎక్కువగా నష్టపోవునది ఇచ్చటనే. రెండంగుళముల గొట్టము చౌక, మోయుటకు తేలిక. కాని సెకనుకు అయిదు లీటర్ల నీరు నూరు మీటర్ల పొడవున పోవలెనన్న, రెండంగుళముల గొట్టములో రాపిడికే సుమారు 13 మీటర్ల ఎత్తుకు తగిన బలము ఖర్చగును. అదే నీరు మూడంగుళముల గొట్టములో పోయినచో రెండు మీటర్లకు మించదు. గొట్టము వ్యాసము ఒకటిన్నర రెట్లు పెరిగినచో రాపిడి సుమారు ఏడవ వంతుకు తగ్గునన్నమాట.

ఇప్పుడు మొత్తము లెక్క చూడుడు. కుంట నీటినుండి చేనికి ఎత్తు 3 మీటర్లు. స్ప్రింక్లరు చక్కగా తిరిగి చిమ్ముటకు కావలసిన ఒత్తిడి 25 మీటర్ల ఎత్తుకు సమానము. మూడంగుళముల గొట్టములో రాపిడి 2 మీటర్లు. మొత్తము 30 మీటర్లు. సెకనుకు వచ్చు లీటర్లను ఈ ఎత్తుతో గుణించి 75 చేత భాగించినచో నీటికి కావలసిన అశ్వశక్తి వచ్చును. అయిదు ముప్పదులు నూటయేబది. 75 చేత భాగించిన 2. పంపు తనకిచ్చిన బలములో సగమునే నీటికి అందించుననుకొన్నచో ఇంజను 4 అశ్వశక్తులు ఇయ్యవలెను. అయిదు అశ్వశక్తుల ఇంజనుకు ఇది తగిన బరువు.

రెండంగుళముల గొట్టమైనచో మొత్తము 41 మీటర్లగును. అదే లెక్కన ఇంజను సుమారు అయిదున్నర అశ్వశక్తులు ఇయ్యవలెను. లేని బలమును అది ఎచ్చటినుండి తెచ్చును? నాజిళ్ల వద్ద ఒత్తిడి పడిపోవును. నీరు తుంపరగా చిమ్మక పెద్ద చుక్కలుగా దగ్గరనే రాలును. ఒక చోట బురద, వేరొక చోట పొడి నేల. గొట్టము మార్చుకొనలేనివారు కొన్ని నాజిళ్లు మూసి తక్కువ నాజిళ్లతో నడుపుట మేలు. నీరు తగ్గిన రాపిడి మిక్కిలి తగ్గును. ఉన్న నాజిళ్లు చక్కగా చిమ్మును.

ఎత్తువలన ఇంజనుకు కూడ కొంత నష్టమున్నది. పలుచని గాలిలో నూనె పూర్తిగ కాలదు. ప్రతి నూరు మీటర్ల ఎత్తుకు సుమారు నూటికి ఒక వంతు బలము తగ్గును. కాకినాడ తీరమున అయిదు అశ్వశక్తులిచ్చు ఇంజను హిందూపురమున సుమారు 4.7 మాత్రమే ఇచ్చును. ఇది ఇంజను లోపము కాదు. పంపు కొనునప్పుడు ఈ మాట మనస్సున ఉంచుకొని, పంపు పలకపై వ్రాసిన ఎత్తు, నీటి పరిమాణము, కావలసిన అశ్వశక్తి చదివి కొనవలెను.

గొట్టమునందు నిలువు మూలలు పెట్టక, సాగదీసిన వంపులు వాడుడు. తొట్టిలో నీరు పోయువారు గొట్టమును ఆకాశమునకెత్తి పైనుండి దుముకనిచ్చుట కద్దు. చూచుటకు ముచ్చటయే గాని అనవసరముగ ఎత్తిన ప్రతి మీటరుకును డీజిలు చెల్లింపవలెను. గొట్టపు నోరు నేలకు ఎంత దగ్గరగా ఉన్న అంత లాభము.

బెల్టు, వేగము

ఇంజనుకు పంపు నేరుగా బిగించియున్నచో బెల్టు చిక్కు లేదు. బెల్టుతో నడుపువారు పుల్లీల సైజు చూచుకొనవలెను. ఇంజను నిమిషమునకు 1500 చుట్లు తిరుగునది, పంపు 3000 చుట్లు కోరునది అయినచో ఇంజను పుల్లీ పంపు పుల్లీకి రెండింతలు ఉండవలెను. బెల్టు జారి పంపు వేగము నూటికి పది తగ్గినచో నీరు తగ్గుటయే గాక, నీటిని ఎత్తు శక్తి నూటికి పందొమ్మిది తగ్గును. ఇందుకు భిన్నముగ, ఎక్కువ నీటికి ఆశపడి పంపు వేగమును నూటికి ఇరువది పెంచినచో, కావలసిన బలము నూటికి డెబ్బది పైగా పెరుగును. ఇంజను మూలుగును. కనుక పంపు పుల్లీని చిన్నది చేయుటయు, గవర్నరు స్ప్రింగును తీగతో బిగించి కట్టుటయు ఎంతమాత్రము చేయరాదు.

రెండు పుల్లీలు ఒకే వరుసలో ఉన్నవో లేవో ఒక దారమును వాని అంచులకు ఆనించి చూడుడు. బల్ల బెల్టు వాడునప్పుడు వదులు వైపు పైన, బిగువు వైపు క్రింద ఉండునట్లు ఏర్పరచిన పుల్లీని ఎక్కువ మేర చుట్టుకొని జారదు. బెల్టుకు తారు, గుగ్గిలము పూయుట తాత్కాలికము, బెల్టును చెరచును. వదులైనచో బిగింపవలెను, అరిగినచో మార్చవలెను.

ఇంజనుకు గాలి, నూనె, చలువ

ఆషాఢ శ్రావణములలో మన ప్రాంతమున వీచు గాలి అందరెరిగినదే. రామగిరి కొండలపై గాలిమరలను త్రిప్పునది ఆ గాలియే. అది చేనిలోని ఎర్ర దుమ్మును ఇంజను నోటిలోనికి కొట్టును. గాలి జల్లెడ మూసికొనిపోయినచో ఇంజను ఊపిరాడక నల్లపొగ వదలును; జల్లెడ తీసివేసి నడిపినచో దుమ్ము లోపలికి పోయి సిలిండరును, రింగులను ఆకురాయి వలె అరగదీయును. రెండును తప్పే. ఈ కాలమున ప్రతి దినము పనికి ముందు జల్లెడ విప్పి శుభ్రపరుపుడు. నూనె గిన్నె గల రకమైనచో మురికి నూనె పారబోసి, గీత వరకు క్రొత్త నూనె పోయుడు. ఇంజనును గాలికి ఎగువన, దుమ్ము రేగని చోట నిలుపుడు.

డీజిలును తెచ్చిన వెంటనే పోయక, కొన్ని గంటలు కదలక ఉంచి, తేటను మాత్రము సన్నని గుడ్డలో వడగట్టి పోయుడు. అడుగున దిగిన నీరు, మడ్డి ఇంజెక్టరుకు విషము వంటివి. గొట్టపు కీలువద్ద సెకనుకొక చుక్క కారుచున్నదని అలక్ష్యము చేయకుడు. పది గంటలలో అది సుమారు ఒకటిన్నర లీటరగును. ఇంజనులోని నూనెను కంపెనీ పుస్తకమున చెప్పిన గంటలకు తప్పక మార్చుడు. ఇంజను వేడిగా ఉన్నప్పుడే పాత నూనె వదలినచో మురికి దానితో పాటు వచ్చును.

నీటి చలువ గల ఇంజనులను గూర్చి ఒక పొరపాటు అభిప్రాయమున్నది. ఎంత చల్లగా ఉన్న అంత మంచిదని పంపు నీటిని ధారాళముగ ఇంజనులోనికి వదలుదురు. చల్లారిన ఇంజనులో డీజిలు సరిగా కాలదు; సిలిండరు త్వరగా అరుగును. ఇంజనునుండి బయటికి వచ్చు నీరు 60 నుండి 70 డిగ్రీల సెంటిగ్రేడు వేడిగా, అనగా చేయి ఉంచలేనంత వేడిగా ఉండవలెను. చలువ నీటి కుళాయిని కొంచెము కొంచెముగ మూయుచు ఈ వేడికి తెచ్చుకొనుడు. ఆవిరి వచ్చునంత మూయరాదు. గాలి చలువ గల ఇంజనులకు రెక్కల నడుమ చేరిన దుమ్ము, పొట్టు తీసివేసిన చాలును.

పొగ చెప్పు మాట

ఇంజను పొగ రైతుకు వైద్యుని నాడి వంటిది. బరువు మీద నడుచుచున్న ఇంజను పొగ కంటికి ఆనకుండ ఉండవలెను.

నల్లపొగ: బరువు ఎక్కువైనది, లేదా గాలి జల్లెడ మూసికొన్నది, లేదా ఇంజెక్టరు సరిగా చిమ్ముట లేదు. ముందు జల్లెడ చూడుడు, పిదప గొట్టములు, చివరకు ఇంజెక్టరు.

నీలిపొగ: ఇంజను నూనె కాలుచున్నది. నూనె మట్టము గీత దాటినదేమో చూడుడు; లేనిచో రింగులు అరిగినవి.

తెల్లపొగ: ఇంజను చల్లగా ఉన్నది, లేదా డీజిలులో నీరు కలిసినది. వేడెక్కిన పిదపను తగ్గనిచో మెకానిక్కుకు చూపుడు.

పొగ లేదు, ఇంజను తేలికగా తిరుగుచున్నది, నీరు మాత్రము తక్కువ: లోపము ఇంజనులో లేదు. ఫుట్‌వాల్వు, గాలి చొరబాటు, బెల్టు జారుట, పంపు చక్రము అరుగుట — ఈ వరుసన వెదకుడు.

పంపు గ్లాండునుండి నీరు ఒక్క చుక్కయు రాకుండ బిగించుట మంచిది కాదు. గ్రాఫైటు త్రాడు ఎండి ఇరుసును కోసివేయును. చుక్క చుక్కగా పడునట్లు ఉంచవలెను. ధారగా కారినచో త్రాడు మార్చవలెను. నీరు నింపక పంపును ఎన్నడును నడుపరాదు.

ప్రాణము ముందు, నీరు తరువాత

బావిలో నీరు లోతునకు పోయినప్పుడు ఇంజనును లోపలి దిమ్మ మీదికి దింపుట ప్రాణాపాయకరము. పొగలోని కార్బన్ మోనాక్సైడు అను విషవాయువునకు రంగు లేదు, వాసన లేదు. బావిలో అది చేరినచో లోపలి మనిషికి తెలియకనే స్పృహ తప్పును. రక్షింప దిగినవారికిని అదే గతి పట్టును. ఇంజను ఎల్లప్పుడును పైన, గాలి ఆడు చోటనే ఉండవలెను. నీరు ఆరు మీటర్ల కన్న లోతున ఉన్నచో గట్టు మీది పంపు అందుకు తగినది కాదు. నీటిలో మునుగు మోటారు వంటి వేరు సాధనము కావలెను. తిరుగు బెల్టుకు దగ్గరగా పంచె, తువాలు, చీర కొంగు రానీయకుడు. పిల్లలను దరిచేరనీయకుడు. నడుచుచున్న ఇంజనులో డీజిలు పోయకుడు.

గ్రామోద్యోగులకు ఒక సూచన

ఇది ఒక్క రైతు చేసికొను పనియే అయినను, ఊరంతయు కలిసి చేసినచో మేలు ఎక్కువ. మృగశిర కార్తె ప్రవేశించునాటికి ఒక దినము ఏర్పరచి, ఊరిలోని ఇంజనులన్నింటిని ఒక చెరువు గట్టుకో, పెద్ద కుంట వద్దకో తెప్పింపుడు. రైతు సేవా కేంద్రపు వ్యవసాయ సహాయకులు, ఊరి మెకానిక్కు కూడియుండవలెను. ప్రతి ఇంజనును అదే డ్రమ్ముతో, అదే గడియారముతో కొలువుడు. సెకనులు పలక మీద వ్రాయుడు. ఫుట్‌వాల్వు కడిగి, జోడింపులు బిగించి, జల్లెడ శుభ్రపరచి మరల కొలువుడు. మొదటి అంకెకు, రెండవ అంకెకు గల భేదమును రైతులు తమ కన్నులతో చూచినచో వేరే ఉపన్యాసము అక్కరలేదు.

బాడుగకు తిప్పు ఇంజనుకు ఒక చిన్న పుస్తకము కట్టియుంచుట మంచిది. తేది, నడిచిన గంటలు, కాలిన డీజిలు, బకెట్టు నిండుటకు పట్టిన సెకనులు — ఈ నాలుగు అంకెలు చాలును. సెకనులు పెరుగుచున్నవని తెలిసిన దినముననే లోపమును వెదకవచ్చును. పంట ఎండునంతవరకు ఆగనక్కరలేదు.

తడి పెట్టు వేళ కూడ చూచుకొనుడు. పగటి గాలిలో స్ప్రింక్లరు నీరు ప్రక్క చేనికి కొట్టుకొనిపోవును. తెల్లవారుజామున, సాయంకాలము గాలి తగ్గినప్పుడు నడుపుట మేలు. విత్తిన నలుబది దినములనుండి ఊడలు దిగు వేళ, తరువాత కాయ ఊరు వేళ — ఈ రెండింటికే కుంట నీటిని దాచుకొనుడు.

పూర్వము కపిల తోలిన రైతు తోలు బొక్కెనలో చిల్లు పడినచో ఆ పూటనే కుట్టించుకొనెడివాడు. చిల్లు బొక్కెనతో ఎద్దులను అలయజేయుట తగదని ఆయనకు తెలియును. ఇప్పుడు ఎద్దులకు బదులు ఇంజను వచ్చినది. దాని అలసట మనకు కనబడదు. డీజిలు ఖర్చులోను, వాడిన ఊడలలోను కనబడును. పెద్ద ఇంజను కొనవలెనని తలచు రైతు ముందుగా ఒక బకెట్టు, ఒక గడియారము తీసికొని తన కుంట వద్దకు పోవుగాక. ఒక పూట శ్రమతో ఉన్న ఇంజనే ఎక్కువ నీరు ఇచ్చినచో, ఆ మిగులు నీరు అదను తప్పకముందే చేనికి చేరును.